ఇంటి కంప్యూటర్‌లో వ్యక్తిగత దస్త్రాల భద్రత: బిలాస్‌పూర్ రైల్వే కుటుంబాల కోసం ఒక వివరణ

పదవీ విరమణ పొందిన రైల్వే ఉద్యోగి ఇంట్లోని కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ ఉండవచ్చు. అయితే ఆ పాస్‌వర్డ్ కంప్యూటర్ తెరను మాత్రమే మూసి ఉంచుతుంది, లోపలి హార్డ్ డిస్క్‌ను మూయదు. డిస్క్‌ను విప్పి మరో కంప్యూటర్‌కు తగిలించినవారు అందులోని పింఛను చెల్లింపు ఉత్తర్వు, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ ప్రతులు, భూమి పత్రాలు అన్నింటినీ ఏ పాస్‌వర్డూ ఇవ్వకుండానే చదవగలరు. దస్త్రాలను నిజంగా మూసి ఉంచేది ఎన్‌క్రిప్షన్, అనగా గుప్తీకరణ. కానీ గుప్తీకరించిన దస్త్రాల తాళంచెవి పోతే అవి యజమానికి కూడా దక్కవు. దొంగ నుంచి కాపాడటం ఎంత ముఖ్యమో, ఇంటివారికి అందుబాటులో ఉంచడమూ అంతే ముఖ్యం. ఈ రెండింటినీ ఏకకాలంలో సాధించడం ఎలాగన్నదే ఇక్కడి విషయం.

బిలాస్‌పూర్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు తన ప్రధాన మార్గాన్ని 1891లో ప్రారంభించింది. ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్లలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మీదుగా సాగే తూర్పు తీర మార్గం కూడా అదే సంస్థ అధీనంలోకి వచ్చింది. 1931 నాటికి రాయ్‌పూర్ - విజయనగరం మార్గం పూర్తయింది. ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు ఉద్యోగాల కోసం తెలుగువారు తరలివెళ్లడానికి దారి ఈ విధంగా ఏర్పడింది. స్వాతంత్ర్యానంతరం ఆగ్నేయ రైల్వేలో వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ 2003 వరకు ఒకే జోన్‌లో కొనసాగాయి. ఆ ఏడాది బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది.

ఈ చరిత్ర ఫలితంగా ఒక కుటుంబపు కాగితాలు రెండు రాష్ట్రాలకు, మూడు భాషలకు చెంది ఉంటాయి. సర్వీసు పత్రాలు హిందీ, ఇంగ్లీషుల్లోనూ, ఊళ్లోని భూమి అడంగల్, 1-బి ప్రతులు తెలుగులోనూ ఉంటాయి. పెద్దవారు బిలాస్‌పూర్‌లో, పొలం పలాస దగ్గర, పిల్లలు హైదరాబాద్‌లోనో విదేశాల్లోనో ఉంటారు. అసలు కాగితాన్ని కోర్బా - విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో పంపడం కంటే స్కాన్ తీసి వాట్సాప్‌లో పంపడం తేలిక. అలా పంపిన ప్రతి పత్రమూ పంపినవారి కంప్యూటర్‌లో ఒకటి, అందుకున్నవారి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒకటి, జిరాక్స్ దుకాణంలో ప్రింటు తీయిస్తే అక్కడ మరొకటి మిగిలిపోతుంది.

పింఛనుదారుల వివరాలకు ఉన్న విలువ

దొంగకు ఈ పత్రాలతో పనేమిటన్న ప్రశ్నకు సమాధానం పింఛనుదారులకు వచ్చే ఫోన్ కాల్స్‌లో ఉంది. నియామక తేదీ, పదవీ విరమణ తేదీ, పీపీవో నంబరు, బ్యాంకు ఖాతా నంబరు తామే ముందుగా చెప్పి, పింఛను కార్యాలయం నుంచి మాట్లాడుతున్నామని నమ్మించి, జీవన ధ్రువపత్రం నవీకరణ పేరిట ఓటీపీ రాబట్టే మోసం గురించి పింఛను విభాగాలు, బ్యాంకులు పలుమార్లు హెచ్చరించాయి. అపరిచితుడు ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చాలామంది ఇవ్వరు. తన సర్వీసు వివరాలన్నీ తేదీలతో సహా చెప్పినవాడు అడిగితే మాత్రం జాగ్రత్తపరుడు కూడా తడబడతాడు. ఆ నమ్మకానికి పెట్టుబడి పింఛను ఉత్తర్వు ప్రతియే. పింఛనుదారులు ఏటా నవంబరులో జీవన ధ్రువపత్రం సమర్పించవలసి ఉండటంతో, ఆ నెలకు ముందూ వెనుకా వచ్చే ఇటువంటి ఫోన్ నిజమైనదిగానే తోస్తుంది. డిజిటల్ జీవన ధ్రువపత్రం తయారీకి ఆధార్ నంబరు, పీపీవో నంబరు, ఖాతా వివరాలు, వేలిముద్ర లేదా ముఖ గుర్తింపు కావాలి తప్ప, ఫోన్‌లో ఎవరికీ ఓటీపీ చెప్పవలసిన పని లేదు.

కాబట్టి ఇంటి కంప్యూటర్‌లోని దస్త్రాలన్నీ సమానం కావు. పెళ్లి ఫొటోలు పోతే బాధ కలుగుతుంది, బయటపడితే పెద్ద నష్టం ఉండదు. పీపీవో, ఆధార్, పాన్, సంతకం స్కాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, భూమి దస్తావేజులు, వైద్య నివేదికలు, పాస్‌వర్డ్‌లు రాసుకున్న ఎక్సెల్ పత్రం మాత్రం ఇతరుల చేతికి పోకూడనివి. మొదట ఈ రెండో రకాన్ని వేరు చేయాలి. వేల ఫొటోలతో కలిపి అన్నింటికీ తాళం వేయబూనుకుంటే పని భారమై వారంలోనే మానేస్తారు.

ఆధార్ పీడీఎఫ్‌కు ఉన్న పాస్‌వర్డ్ చాలదు

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కాబట్టి అది భద్రమేనన్న అభిప్రాయం ప్రబలంగా ఉంది. ఆ పాస్‌వర్డ్ నిర్మాణం అందరికీ తెలిసినదే. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్ద బడిలో, వాటి పక్కన పుట్టిన సంవత్సరం. పేరు తెలిసినవారికి మిగిలేది సంవత్సరం ఒక్కటే. బతికి ఉన్న ఏ మనిషి విషయంలోనైనా సుమారు వంద అంకెలు వరుసగా ప్రయత్నిస్తే సరిపోతుంది. చేత్తో చేసినా ఒక పూట పని. ఆదాయపు పన్నుకు సంబంధించిన 26 ఏఎస్ పత్రానికి పుట్టిన తేదీయే పాస్‌వర్డ్. ఎనభై ఏళ్ల వ్యవధిలోని తేదీలన్నీ కలిపినా 30 వేలు దాటవు, కంప్యూటర్ ప్రోగ్రాముకు అది లెక్కలోనిది కాదు. ఈ పాస్‌వర్డ్‌లు ఈమెయిల్‌లో పొరపాటున మరొకరికి చేరినప్పుడు కొంత అడ్డుకుంటాయి. కంప్యూటర్‌లో భద్రపరచడానికి వాటిని నమ్ముకోకూడదు.

2022 మే 27న విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన జారీ చేసింది. ఇంటర్నెట్ కేంద్రాల్లోని కంప్యూటర్లలో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేయవద్దని, చేస్తే ఆ ప్రతులను శాశ్వతంగా తొలగించాలని, ప్రతి చోటా ఆధార్ నకళ్లు ఇవ్వవద్దని అందులో సూచించింది. తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందంటూ కేంద్రం రెండు రోజుల్లోనే ఆ ప్రకటనను ఉపసంహరించుకుంది. ప్రకటన పోయినా అందులోని సలహాలో తప్పు లేదు. చాయిస్ సెంటర్‌లో ఆధార్ ప్రింటు తీయించుకున్నవారు అక్కడి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనూ, రీసైకిల్ బిన్‌లోనూ దానిని తొలగించి రావడం ఉత్తమం. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రతిని ప్రాధికార సంస్థ వెబ్‌సైట్‌లోనే పొందవచ్చు. చాలా అవసరాలకు అది సరిపోతుంది.

అసలు ప్రతిని ఇంట్లో ఉంచుకోనవసరం లేని పత్రాలూ ఉన్నాయి. 2015లో ప్రారంభమైన డిజిలాకర్‌లో ప్రభుత్వ సంస్థలు నేరుగా జారీచేసే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు వంటి పత్రాలకు అసలు పత్రాలతో సమానమైన చట్టపరమైన గుర్తింపు ఉంది. ఎప్పుడు కావలసినా తిరిగి పొందగలిగిన పత్రానికి కంప్యూటర్‌లో పది నకళ్లు పెట్టుకోవడంలో అర్థం లేదు. మనమే స్కాన్ చేసి డిజిలాకర్‌లో ఎక్కించిన ప్రతులకు మాత్రం ఆ గుర్తింపు వర్తించదు. పాత దస్తావేజులు, పీపీవో కాగితం వంటివి ఈ కోవలోకి వస్తాయి. తాళం అవసరమైనవి ప్రధానంగా ఇవే.

మొదటి తాళం: డిస్క్ మొత్తానికి

గుప్తీకరణ అంటే దస్త్రంలోని సమాచారాన్ని గణిత సూత్రం ప్రకారం చిందరవందర చేసి, సరైన తాళంచెవి ఉన్నవారికే తిరిగి పూర్వరూపంలో కనిపించేటట్లు చేయడం. నేడు అన్నిచోట్లా వాడుకలో ఉన్న ఏఈఎస్ పద్ధతిని బెల్జియం శాస్త్రవేత్తలు జోన్ డేమన్, విన్సెంట్ రైమెన్ రూపొందించగా, 2001లో అమెరికా ప్రామాణిక సంస్థ ఆమోదించింది. బ్యాంకులు వాడేదీ, ఇంటి కంప్యూటర్‌లో ఉచితంగా దొరికేదీ ఒకటే. బలహీనత సూత్రంలో ఉండదు, మనం పెట్టే పాస్‌వర్డ్‌లోనూ తాళంచెవి దాచే తీరులోనూ ఉంటుంది.

విండోస్ ప్రొఫెషనల్ రకంలో బిట్‌లాకర్ అనే సౌకర్యం ఉంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించే హోమ్ రకంలో అదే సౌకర్యం కుదించిన రూపంలో డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో, తగిన హార్డ్‌వేర్ ఉన్న కంప్యూటర్లలో లభిస్తుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ విభాగాన్ని తెరిస్తే అది ఉందో లేదో, పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. ఆపిల్ కంప్యూటర్లలో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్ ఇదే పని చేస్తాయి. ఇది అమల్లో ఉంటే కంప్యూటర్ దొంగతనానికి గురైనా, డిస్క్‌ను విప్పి మరోచోట తగిలించినా దస్త్రాలు చదవడం సాధ్యం కాదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. విండోస్ 11లో 2024 నాటి 24హెచ్2 రూపం నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా ఏర్పాటు చేసిన కంప్యూటర్లలో ఈ గుప్తీకరణ దానంతట అదే మొదలవుతోంది. యజమానికి తెలియకుండానే తాళం పడుతుంది. తరువాత మదర్‌బోర్డు మార్చినప్పుడో, కొన్ని అంతర్గత మార్పులు జరిగినప్పుడో నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే దస్త్రాలు తిరిగిరావు. ఆ కీ సాధారణంగా కంప్యూటర్ ఏర్పాటు చేసినప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. దుకాణదారు సౌలభ్యం కోసం తన సొంత ఈమెయిల్‌తో విండోస్ ఏర్పాటు చేసి ఇచ్చి ఉంటే, 48 అంకెలు చేరేది అతని ఖాతాకే. కంప్యూటర్ కొన్నవారు మొట్టమొదట చూసుకోవలసినది ఇదే. ఖాతా తమదై ఉండాలి, కీని కాగితం మీద ముద్రించి వేరేచోట ఉంచాలి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌లోని లోపంతో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు స్తంభించినప్పుడు, మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆనాడు అనేక సంస్థల్లో మరమ్మతు ఆలస్యం కావడానికి ఒక కారణం, ఈ రికవరీ కీలు ఎక్కడున్నాయో వెంటనే దొరకకపోవడం.

రెండో తాళం: ముఖ్యపత్రాలకు ప్రత్యేకంగా

డిస్క్ తాళం కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు పనిచేస్తుంది. కంప్యూటర్ తెరిచి ఉన్నప్పుడు, పక్కింటి అబ్బాయి ప్రాజెక్టు పని కోసం వచ్చి కూర్చున్నప్పుడు అన్ని ఫోల్డర్లూ తెరిచే ఉంటాయి. అందువల్ల ముఖ్యపత్రాలకు లోపల మరొక పెట్టె ఉండాలి. ఫోల్డర్‌ను హిడెన్ చేయడం ఈ పని చేయదు. ఒక్క క్లిక్‌తో దాగినవన్నీ కనిపిస్తాయి. విండోస్‌లో మౌస్ కుడి బటన్‌తో తయారుచేసే జిప్ ఫోల్డర్‌కు పాస్‌వర్డ్ పెట్టే వీలే లేదు. పాత జిప్ పద్ధతి పాస్‌వర్డ్‌ను ఛేదించే మార్గాన్ని 1994లోనే పరిశోధకులు చూపారు.

ఉచితంగా లభించే సెవెన్-జిప్ ప్రోగ్రాములో ‘సెవెన్ జెడ్’ రూపాన్ని ఎంచుకొని పాస్‌వర్డ్ ఇస్తే 256 బిట్ల ఏఈఎస్ గుప్తీకరణ జరుగుతుంది. దస్త్రాల పేర్లను కూడా గుప్తీకరించే గడిని గుర్తుంచుకొని ఎంచుకోవాలి. లేకపోతే లోపలి విషయం కనిపించకపోయినా ‘నాన్నగారి పీపీవో’, ‘అమ్మ క్యాన్సర్ రిపోర్టు’ అన్న పేర్లు అందరికీ కనిపిస్తాయి. పేరే రహస్యాన్ని చెప్పేస్తే లోపల ఏముందో చదవనక్కరలేదు. పత్రాన్ని ఒకసారి పంపడానికి, పెన్‌డ్రైవ్‌లో వేయడానికి ఈ పద్ధతి అనువైనది. తరచుగా తెరిచి మార్చేవాటికి అంత బాగుండదు, ఎందుకంటే తెరిచిన ప్రతిసారీ మామూలు నకలు ఒకటి బయట మిగిలిపోయే ప్రమాదం ఉంది.

రోజువారీ వాడకానికి వెరాక్రిప్ట్ మేలు. 2014లో ఆగిపోయిన ట్రూక్రిప్ట్‌కు వారసునిగా వచ్చిన ఈ ఉచిత ప్రోగ్రాము, మనం చెప్పిన పరిమాణంలో ఒక పెద్ద దస్త్రాన్ని సృష్టిస్తుంది. స్కాన్ చేసిన వందలాది కాగితాలకు 2 జీబీ సరిపోతుంది. పాత పద్ధతి ఫార్మాట్ ఉన్న పెన్‌డ్రైవ్‌లు 4 జీబీ మించిన దస్త్రాన్ని తీసుకోవు కాబట్టి ఆ లోపే ఉంచడం మంచిది. పాస్‌వర్డ్ ఇచ్చి మౌంట్ చేస్తే ఆ దస్త్రం కొత్త డ్రైవ్‌గా తెరుచుకుంటుంది. పని ముగిసి మూసేస్తే మళ్లీ అర్థంలేని దస్త్రంగా మిగులుతుంది. స్కానర్ నుంచి వచ్చే ప్రతిని నేరుగా అందులోనే భద్రపరచాలి. ముందు డెస్క్‌టాప్ మీద పెట్టి తరువాత లోపలికి మార్చితే పాత జాడ డిస్క్‌లో ఉంటుంది. ఈ దస్త్రం ఆరంభభాగం చెడిపోతే మొత్తం పోయే ప్రమాదం ఉంది కనుక, ప్రోగ్రాములోనే ఉన్న హెడర్ బ్యాకప్ సౌకర్యంతో దాని నకలు తీసి పెట్టుకోవాలి. ఈ ఒక్క పనిని ఎక్కువమంది విస్మరిస్తారు.

వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ వంటివి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను అడిగీ అడగకుండా క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటాయి. ఎక్కించడం తప్పు కాదు. తాళం వేసిన పెట్టెను ఎక్కిస్తే అది దూరాన ఉన్న నకలుగా కూడా ఉపయోగపడుతుంది. తాళం వేయని పత్రాలు అలా వెళ్తే, ఆ ఖాతా పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివారికీ అవి చేరినట్లే.

పాస్‌వర్డ్ ఎంపిక

గుప్తీకరణ పెట్టెకు గంటకోసారి తప్పులు లెక్కపెట్టి తలుపు మూసే బ్యాంకు సర్వరు ఉండదు. దస్త్రం చేతికి చిక్కినవాడు కోట్లాది పాస్‌వర్డ్‌లను తన కంప్యూటర్ చేతనే ప్రయత్నింపజేయవచ్చు. మనవరాలి పేరు, పుట్టిన సంవత్సరం, క్వార్టర్ నంబరు, టోకెన్ నంబరు మొదట ప్రయత్నించేవి. ఒక చిహ్నం, ఒక అంకె, ఒక పెద్ద అక్షరం కలిపిన ఎనిమిది అక్షరాల కంటే, సంబంధం లేని ఐదారు మాటలను వరుసగా రాయడం బలమైనదీ, గుర్తుండేదీ. అమెరికా ప్రామాణిక సంస్థ మార్గదర్శకాలు కూడా చిహ్నాల సంక్లిష్టత కంటే పొడవుకే ప్రాధాన్యమిస్తున్నాయి, కారణం లేకుండా నెలనెలా మార్చవద్దంటున్నాయి.

తెలుగువారికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. గొడుగు, ఇటుక, నెమలి, గానుగ, వాన వంటి మాటలను ఇంగ్లీషు లిపిలో తమకు అలవాటైన వర్ణక్రమంతో రాస్తే గుర్తుంచుకోవడం తేలిక. అయితే మాటలను మనసుకు తోచినట్లు కాక చీట్లు తీసి ఎంచుకోవాలి. మనసుకు తోచేవి సామెతలు, పాటల పల్లవులు, దేవుళ్ల పేర్లు. అవి ఇతరులకూ తోస్తాయి. 7,776 మాటల జాబితా నుంచి పాచికలు వేసి ఐదు మాటలు తీస్తే సాధ్యమయ్యే వరుసలు 28 తర్వాత 18 సున్నాలు పెట్టినంత. ఆ ఐదు మాటలు ఇక్కడ అచ్చయ్యాయి కనుక అవి ఇక పనికిరావు.

తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి

పాస్‌వర్డ్ మరచిపోయిన వారి జాబితాలో నిపుణులూ ఉన్నారు. అమెరికాలో స్థిరపడిన ప్రోగ్రామర్ స్టెఫాన్ థామస్ 7,002 బిట్‌కాయిన్ల తాళంచెవిని గుప్తీకరించిన పెన్‌డ్రైవ్‌లో దాచి, దాని పాస్‌వర్డ్ రాసిన కాగితం పోగొట్టుకున్నారు. పది సార్లు తప్పు చెబితే అది శాశ్వతంగా మూతపడుతుంది. 2021లో ఆయన ఉదంతం వెలుగులోకి వచ్చేనాటికి ఎనిమిది అవకాశాలు అయిపోయాయి.

బిలాస్‌పూర్ పింఛనుదారు ఇంట్లో ఈ ప్రశ్న మరింత కఠినంగా ఉంటుంది. పింఛనుదారు మరణిస్తే ఆయన భార్యకు కుటుంబ పింఛను రావడానికి పీపీవో, మరణ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా వివరాలు చూపాలి. ఆ స్కాన్‌లు, పాలసీ నంబర్లు, ఊళ్లోని భూమి ప్రతులు ఆయన ఒక్కరికే తెలిసిన ఐదు మాటల వెనుక ఉంటే, దొంగ నుంచి కాపాడిన తాళమే భార్యకు అడ్డుగోడ అవుతుంది. అసలు కాగితాలను పారేయకపోవడం ఇందుకే అవసరం. స్కాన్ ఉన్నంతమాత్రాన పీపీవో పుస్తకాన్ని, రిజిస్ట్రేషన్ దస్తావేజును అలక్ష్యం చేయరాదు.

పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాయకూడదన్న పాత సలహా ఇంటి విషయంలో సరికాదు. ఇంటర్నెట్ దొంగ బీరువాలోని కవరును తెరవలేడు. ఐదు మాటలు, 48 అంకెల రికవరీ కీ, వెరాక్రిప్ట్ దస్త్రం పేరు, దానిని తెరిచే విధానం తెలుగులో స్పష్టంగా రాసి, కవరులో అంటించి, ఒకటి బ్యాంకు లాకర్‌లోనూ మరొకటి వేరే ఊరిలో ఉన్న నమ్మకస్తుడైన సంతానం వద్దనూ ఉంచవచ్చు. కంప్యూటర్ పక్కన సొరుగులో మాత్రం ఉంచకూడదు. రాసిన తరువాత భార్య లేదా భర్త చేత, ఆ కాగితం చూసి ఒక్కసారి పెట్టె తెరిపించాలి. తెరవలేకపోతే కాగితంలో ఏదో లోపించినట్లు, దానిని మళ్లీ రాయాలి.

నకలు లేని తాళం ప్రమాదం

గుప్తీకరణ దొంగచూపును ఆపుతుంది, నాశనాన్ని ఆపదు. 2017 మే 12న మొదలైన వన్నాక్రై దాడిలో, కంప్యూటర్‌లోని దస్త్రాలను దుండగులే తమ తాళంతో గుప్తీకరించి 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు డిమాండ్ చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కొన్ని దాని బారినపడ్డాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్ని, దక్షిణ రైల్వే పాలక్కాడ్ డివిజన్ కార్యాలయంలోనివి కొన్ని కూడా దెబ్బతిన్నాయి. ఆ లోపాన్ని సరిదిద్దే నవీకరణను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. నవీకరణ చేయని యంత్రాలే చిక్కాయి. మన తాళం వేసిన వెరాక్రిప్ట్ పెట్టె కూడా అటువంటి ప్రోగ్రాముకు మామూలు దస్త్రమే. తాళం మీద తాళం వేసి పోతుంది.

అందుచేత పెట్టెకు కనీసం రెండు నకళ్లు, రెండు వేర్వేరు పరికరాల్లో ఉండాలి. ఒకటి ఇంటి బయట ఉండాలి. బయటి హార్డ్ డిస్క్‌ను నకలు తీసే కొద్ది నిమిషాలు మాత్రమే తగిలించి తరువాత విప్పివేయాలి. రోజంతా తగిలించి ఉంచిన డిస్క్‌ను దాడి చేసే ప్రోగ్రాము కంప్యూటర్‌తో పాటే తినేస్తుంది. వేసవి సెలవులకు ఊరికి వెళ్లే కుటుంబం ఏటా ఒక పెన్‌డ్రైవ్ ప్రతిని బంధువుల ఇంట్లో మార్చి వచ్చే పద్ధతి పెట్టుకున్నా చాలు. పెట్టెకు తాళం ఉంది కనుక ఆ పెన్‌డ్రైవ్ ఎవరి చేతికి పోయినా భయం లేదు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ భద్రతా నవీకరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. గృహ వినియోగదారులు పేరు నమోదు చేసుకుంటే మరో ఏడాది, 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు లభిస్తుంది. ఆ తరువాత పాత కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు తగిలించి అందులోనే పీపీవో పెట్టె తెరవడం శ్రేయస్కరం కాదు. దొంగ విండోస్‌ను సక్రమం చేస్తామనే చిన్న ప్రోగ్రాములు దురుద్దేశపు సాఫ్ట్‌వేర్‌ను వెంట తెచ్చే సందర్భాలు తరచు. ఫోన్‌లో చెప్పినవారి మాట మీద ఎనీడెస్క్ వంటి దూరనియంత్రణ ప్రోగ్రాము పెట్టుకుంటే ఏ గుప్తీకరణా పనిచేయదు. పెట్టె తెరిచి ఉన్నప్పుడు యజమాని చూస్తున్నదంతా అవతలివాడూ చూస్తాడు.

మరమ్మతుకు ఇచ్చేటప్పుడు, అమ్మేటప్పుడు

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒంటారియో రాష్ట్రంలోని దుకాణాలకు రహస్యంగా నమోదు చేసే ల్యాప్‌టాప్‌లను మరమ్మతుకు పంపారు. ఆరు చోట్ల టెక్నీషియన్లు యజమానుల వ్యక్తిగత దస్త్రాలను తెరిచి చూశారు, వాటిలో రెండు చోట్ల నకళ్లు తీసుకున్నారు. 2008లో హాంకాంగ్‌ను కుదిపిన నటుడి ఛాయాచిత్రాల ఉదంతం కూడా మరమ్మతుకు ఇచ్చిన ల్యాప్‌టాప్‌తోనే మొదలైంది. ఆ కేసులో ఒక టెక్నీషియన్‌కు జైలుశిక్ష పడింది.

దుకాణాలన్నింటినీ అనుమానించనవసరం లేదు. ఫ్యాన్, కీబోర్డు, బ్యాటరీ, స్క్రీన్ మార్చడానికి లాగిన్ పాస్‌వర్డ్ అవసరం లేదని తెలిస్తే చాలు. అడిగితే ఖాళీగా ఉన్న వేరే ఖాతా ఒకటి తెరిచి ఇవ్వవచ్చు. దాని నుంచి ఇతరుల ఫోల్డర్లు తెరవకుండా, అది అడ్మినిస్ట్రేటర్ ఖాతా కాకుండా చూసుకోవాలి. మార్చిన పాత డిస్క్‌ను దుకాణంలో వదలక తిరిగి తీసుకోవాలి.

అమ్మకానికి పెట్టిన డిస్క్‌ల సంగతి 2003లోనే తేలింది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ 158 పాత డిస్క్‌లు కొని పరిశీలించగా, పనిచేస్తున్న 129లో సక్రమంగా తుడిచివేసినవి 12 మాత్రమే. మిగిలినవాటిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు కనిపించాయి. డిలీట్ చేస్తే దస్త్రం పోదు, దాని చిరునామా మాత్రమే చెరుగుతుంది. మొదటి నుంచీ డిస్క్ మొత్తానికి గుప్తీకరణ ఉన్నవారికి ఈ బాధ లేదు. రికవరీ కీని చెరిపి, విండోస్‌లోని రీసెట్ సౌకర్యంలో డ్రైవ్‌ను పూర్తిగా శుభ్రం చేసే ఎంపికను ఎంచుకుంటే చాలు. గుప్తీకరణ లేని పాత డిస్క్ అయితే పాత సామాను వాడికి ఇవ్వకుండా పళ్లేలకు మేకు దించడం చౌకైన, నమ్మదగిన పద్ధతి.

చట్టం ఎంతవరకు

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంస్థలకు బాధ్యతలు విధించింది. అయితే వ్యక్తులు తమ సొంత, గృహ అవసరాల కోసం ఉంచుకునే సమాచారం ఆ చట్టం పరిధిలోకి రాదు. ఇంటి కంప్యూటర్‌లో మామగారి ఆధార్ పత్రం ఉన్నంతమాత్రాన అల్లుడికి ఆ చట్టం కింద బాధ్యత ఏర్పడదు, దానిని కాపాడేందుకు ఏ సంస్థా రాదు. అనుమతి లేకుండా కంప్యూటర్‌లోని సమాచారాన్ని నకలు తీయడం సమాచార సాంకేతికత చట్టం 2000లోని 43వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మరొకరి పాస్‌వర్డ్‌ను, గుర్తింపు వివరాలను మోసపూరితంగా వాడితే 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే సొమ్ము మరో ఖాతాకు మారేలోగా నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో రాతపూర్వకంగా కూడా నమోదు చేయవచ్చు. పీపీవో లేదా ఆధార్ ప్రతి బయటకు పోయిందని అనుమానం కలిగితే డబ్బు పోయేదాకా ఆగనక్కరలేదు. ఆధార్ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో బయోమెట్రిక్‌లకు తాళం వేసి, పింఛను చెల్లించే బ్యాంకు శాఖకు లిఖితపూర్వకంగా తెలియజేసి, ఆ లేఖ నకలుపై అందినట్లు ముద్ర వేయించుకోవాలి. జీవన ధ్రువపత్రం కోసం వేలిముద్ర వేయవలసిన రోజున ఆ తాళాన్ని తాత్కాలికంగా తీసుకోవచ్చు.